ఏ దీవో తేలని ఇంటి సుఖాలు

ఏ నిర్ణయమూ తీసుకోని ఇంట్లో పుట్టడాన్ని మించిన అదృష్టం ఉందా? లేదని ఘంటాపథంగా చెబుతాను. నమ్మకం కుదరనివాళ్లు మా ఇంటికి వచ్చి చూడండి. కూర్చోవడానికి కుర్చీ మాత్రం అడక్కండి. కుర్చీలు తాడుతో కట్టేసి ఉన్నాయి.

సంగతేమిటంటే, మా నాన్న లాంచీ ఇంజన్ల మెకానిక్. ఆయన పనిచేసే కంపెనీ మా పల్లె ఒడ్డున ఉన్న వర్క్‌షాపు ఎత్తేసి దీవుల్లోకి మారుస్తోంది. దీవులు రెండు, దీవికో ఊరు. ఒకటి పెద్ద దీవి, ఒకటి చిన్న దీవి. మధ్యలో లాంచీ మీద ఇరవై నిమిషాలు. ఏ ఊళ్లో ఉంటారో ఫారంలో రాసిస్తే అక్కడ ఇల్లిస్తారు. నింపాల్సింది ఒక్క గడి. ఆ గడి ముందు మేం పద్నాలుగు నెలలుగా కూర్చున్నాం!

దీన్ని ఆలస్యమనేవాళ్లకు మర్యాద తెలియదనుకోవాలి. మా ఇంట్లో "నాకిది కావాలి" అనకూడదు. "నాకేం లేదు, మీ ఇష్టం" అనాలి. గిన్నెలో చివరి చేపముక్క మిగిలితే అమ్మ "మీరు వేసుకోండి" అంటుంది. నాన్న "అమ్మకి వెయ్" అంటాడు. నాయనమ్మ "నాకెందుకురా, పిల్లకి పెట్టు" అంటుంది. పిల్లను నేనే. "నాకొద్దు" అంటాను. కాసేపటికి పిల్లి వచ్చి తినేస్తుంది. దానికి మర్యాద నేర్పినవాళ్లు లేరు.

పెద్ద దీవిలో మా మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఉంటాడు. చిన్న దీవిలో మా అత్తయ్య, అంటే నాన్న అక్క, ఉంటుంది. ఎవరి మనసు ఎటు లాగుతోందో గోడలకు కూడా తెలుసు. అయినా అమ్మ పద్నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా తమ్ముడి మాట ఎత్తలేదు. గాలి గురించి మాట్లాడింది. నాన్న అక్క మాట ఎత్తలేదు. చేపల గురించి మాట్లాడాడు. ఇంత సంస్కారం మీ ఇళ్లలో ఉందా?

న్యాయంగా తేల్చాలని నాన్న రెండు వందల పేజీల నోట్‌బుక్ కొన్నాడు. ప్రతి పేజీకీ మధ్యలో గీత. ఎడమవైపు పెద్ద దీవి, కుడివైపు చిన్న దీవి. మా గడప తొక్కిన ప్రతివాళ్లూ ఒక పాయింటు చెప్పి తీరాలి. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని రాసే ఉద్యోగం నాకిచ్చారు. గ్యాస్ సిలిండర్ మోసుకొచ్చినతను, చిన్న దీవిలో మెట్లు తక్కువన్నాడు. రాశాను. అమ్మ దగ్గర జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చినావిడ, పెద్ద దీవిలో అద్దాలు పెద్దవంది. ఏ అద్దాలో అడగలేదు. రాశాను.

పాయింట్లు చాలలేదని నాన్న ప్రయోగాలకు దిగాడు. రెండు తడి తువ్వాళ్లు పట్టుకెళ్లి దీవికొకటి ఆరేశాడు, ఏది ముందు ఆరితే అక్కడ గాలి మంచిదని. చిన్న దీవి తువ్వాలు గంటన్నరలో ఆరింది. పెద్ద దీవి తువ్వాలు కనబడలేదు.

"చూశావా, దొంగల ఊరు!" అన్నాడు నాన్న.

"ఎగిరిపోయిందండీ. గాలంటే అదీ!" అంది అమ్మ.

రెండూ రాశాను. రెండూ పాయింట్లే కదా!

తరవాత చేపలు. తాజా చేప చిన్న దీవిలోనే దొరుకుతుందని నాన్న, కాదు పెద్ద దీవిలోనే అని అమ్మ. ఒకరోజు లాంచీలో చేపలమ్మే అవ్వ కనిపిస్తే ఆమెనే అడిగారు.

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "ఒకటే గంపమ్మా! పొద్దున్న పెద్ద దీవి, పదింటికి చిన్న దీవి. మీ ఇద్దరూ మెచ్చుకున్నది నా గంపనే."

ఇది ఏ వైపు రాయాలో తెలియక గీత మీద రాశాను.

ఇక మాకు జరిగిన లాభాలు చూడండి. "పోయేవాళ్లమే కదా" అనే ఒక్క మాటతో మా ఇంట్లో సగం పనులు తగ్గాయి. కప్పు కారితే కింద బకెట్ పెడతాం. పోయేవాళ్లమే కదా! గోడ గడియారం దించి పెట్టెలో పెట్టేశాం. అది లోపల్నుంచే గంటలు కొడుతుంది. పెట్టెల్లో ఏ పెట్టె పన్నెండు కొట్టిందో వెతుక్కోవడం మంచి కాలక్షేపం. కంచాలు నాలుగే బయట ఉంచాం కాబట్టి చుట్టాలు భోజనానికి ఉండరు. అమ్మ పెద్ద దీవి కిటికీల కొలతకు ఒక కర్టెన్, చిన్న దీవి కిటికీల కొలతకు ఒక కర్టెన్ కుట్టి, పాడవకుండా రెండూ ఇక్కడి కిటికీకే తగిలించింది. ఒకటి నేల ఊడుస్తుంది. ఇంకోటి మోకాలు దాటదు.

మామయ్య వచ్చినప్పుడల్లా బిస్కెట్లు తెస్తాడు. అది తెలిసి అత్తయ్య కేకు తెస్తుంది. కేకు సంగతి తెలిసి మామయ్య డబ్బా బిస్కెట్లకు పెరిగాడు. నిర్ణయం తీసుకున్న ఇంటికి ఎవరైనా కేకు తెస్తారా?

నాయనమ్మ మాత్రం తటస్థం. "నన్నడక్కండి. నేనెన్నాళ్లుంటాను?" అంటుంది. పుస్తకంలో ఆవిడ చెప్పిన పాయింట్లు యాభై మూడు.

ఇలా రెండు వందల పదకొండు పాయింట్లు పోగయ్యాయి. గాలి, చేప, మెట్లు, దోమలు, లాంచీ దిగే చోట చెక్క జారుతుందా లేదా, పక్కింటివాళ్లు గట్టిగా దగ్గుతారా లేదా, అన్నీ ఉన్నాయి. ఒకటి లేదు. చిన్న దీవి బడి, మా పల్లె బడిలాగే, పదో తరగతితో ఆగిపోతుంది. పెద్ద దీవిలో ఇంకా రెండేళ్లు చదవొచ్చు. నేను ఈ వేసవిలోనే పది పాసయ్యాను.

రాసేది నువ్వే కదా, ఆ పాయింటు కూడా రాసేయకపోయావా అంటారా? భలేవారే! రాయడం వేరు, చెప్పడం వేరు. చెప్పమని అందరినీ అడిగారు. గ్యాస్ అతన్నీ అడిగారు. నా దగ్గరికి వచ్చేసరికి, "రాశావా తల్లీ?" అని మాత్రమే అడిగారు. రాశానన్నాను.

కంపెనీ మూడుసార్లు గడువు పెంచి, నాలుగోసారి ఇక పెంచేది లేదంది. ఆ రోజు నాన్నకు అర్జంటుగా ఒక ఇంజన్ విప్పే పని పడింది. అమ్మకు అర్జంటుగా నాలుగు జాకెట్లు కుట్టే పని పడింది. నాన్న కింద సంతకం పెట్టి ఫారం నా చేతికిచ్చాడు.

"ఇచ్చి రా తల్లీ. ఆ గడి అలా వదిలెయ్. వాళ్లే ఏదో ఒకటి వేస్తారు. ఏదైనా మనకేం?"

"అవునమ్మా, మనకేం లేదు" అంది అమ్మ, సూదిలో దారం ఎక్కిస్తూ. దారం మూడుసార్లు తప్పింది.

కంపెనీ ఆఫీసు కౌంటర్‌లో ఒక క్లర్కమ్మ ఉంది. కళ్లజోడు ముక్కు చివరికి జారి ఉంది. ఫారం తిప్పి చూసి, "ఇది ఖాళీగా ఉందేం? ఏ ఊరు?" అంది.

"మీ ఇష్టం మేడమ్" అన్నాను. ఇంట్లో నేర్పింది అదే కదా!

"నా ఇష్టమేమిటి, నేనొచ్చి ఉంటానా? ఖాళీగా వదిలితే చిన్న దీవి పడుతుంది. అక్కడే ఇళ్లు ఎక్కువ మిగిలాయి. పర్వాలేదా?"

"నాకేం..." అన్నాను. "లేదు" అనడానికి బదులు ఆ ఖాళీ గడి వైపు చూశాను. వెనక వరసలో ఎవరో దగ్గారు.

క్లర్కమ్మ కళ్లజోడు పైకి తోసుకుని, మొదటిసారి నా మొహం చూసింది. "నీకేది కావాలమ్మా?"

పాఠకులారా, పద్నాలుగు నెలల్లో ఆ ప్రశ్న నన్నడిగిన మొదటి మనిషి ఆవిడే. నాకెందుకో మా పిల్లి గుర్తొచ్చింది. పెన్ను అడిగి తీసుకున్నాను. నా గుండ్రటి దస్తూరితో ఆ గడి నింపాను.

ఇంటికొచ్చాను. "తీసుకున్నారా?" అన్నాడు నాన్న. తీసుకున్నారన్నాను. గడిలో ఏం పడిందని ఎవరూ అడగలేదు. అడగడం మర్యాద కాదు కదా!

ఇల్లు కేటాయించిన కాగితం వచ్చే సోమవారం వస్తుందట. అందాకా మా ఇంట్లో చర్చ జోరుగా సాగుతోంది. నిన్న నాన్న, చిన్న దీవిలో కాకులు మెల్లగా అరుస్తాయన్నాడు. అమ్మ, పెద్ద దీవిలో అసలు అరవవంది.

"రాశావా తల్లీ?"

రాశాను నాన్నా. ఎప్పుడో రాశాను.