పలకరించని మేడం

ఆ బుధవారం ఉదయం సృజన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంటికి తాళం వేసి, తోవలో నాలుగు అరటిపండ్లు కొనుక్కుని, తనకు చదువు చెప్పే గోదావరి మేడం పరిశోధన ఎంతవరకు వచ్చిందో చూడడానికి హైదరాబాద్ నుంచి వచ్చేలోగా మెదక్ దవాఖానలోని తన గదికి చేరుకోవడం.

క్లినికల్ సైకాలజీలో ఆమెకిది శిక్షణ, పరిశోధన కలిసిన ఏడాది. యూనివర్సిటీ పంపితే వచ్చి, ఎండనక వాననక టేక్మాల్ దాకా తిరిగింది. ఎవరి బాధ వాళ్లు నోరు విప్పి చెప్పేదాకా కదలకుండా కూర్చుంది. అంత ఓపిక ఆ వయసులో ఎక్కడిదో! ఒక్కటే లోటు. నిద్ర పట్టనివాళ్లనూ, కోపం ఆగనివాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించే గ్రూపు కుదిరితే గాని ఆమె పరిశోధన పూర్తికాదు. విడిగా రమ్మంటే వస్తారు. నలుగురిలో అంటే "మా ఇజ్జత్ పోతది మేడం" అని తప్పుకుంటారు. గ్రూపు లేదని ఇవాళ తేలిపోతే ఏడాది కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

వైద్యానికి వచ్చేవాళ్లు బజారులో ఎదురైతే మనంతట మనం పలకరించకూడదని, లేకపోతే వాళ్ల గుట్టు పదిమందిలో పడుతుందని ఆ చదువులో ఒక నియమం. ఆ సంగతి వాళ్లకు ముందే చెప్పాలని కూడా ఉంది. సృజన మొదటిది కంఠస్థం చేసింది, రెండోది మరిచిపోయింది. మెదక్ చూస్తే, కంటబడిన మనిషిని "తిన్నవా?" అని అడగకుండా దాటిపోతే పగబట్టినట్టు లెక్కవేసే ఊరు.

అరటిపండ్ల బండి దగ్గర బేరమాడుతుండగా, తన దగ్గరికి వైద్యానికి వచ్చే వడ్రంగి ఏలీయా ఎదురొచ్చాడు. సృజన గభాలున బండి వెనక్కి వంగి కూర్చుంది. లేచి అవతలి పక్కకు దాటితే ఎరువుల దుకాణం మెట్ల మీద మదన్ మోహన్. ముఖానికి చున్నీ అడ్డం పెట్టుకుని సందులోకి తిరిగితే ఎదురుగా ఎలిశిబా టీచరు. ఇక దాక్కునే చోటు లేక, మూసి ఉన్న షట్టరు వైపు తిరిగి ఆమె దాటిపోయేదాకా దాన్నే చూస్తూ నిలబడింది.

ఏలీయా మనసు ఆగలేదు. ఎరువుల దుకాణం మెట్లెక్కాడు.

"పటేలా, దవాఖానల సైకాలజీ మేడం నన్ను జూసి బండెన్క దాక్కున్నది. పాణం బాగలేనట్టుంది."

"నన్ను జూసి మొఖం కప్పుకున్నది," అన్నాడు మదన్ మోహన్. అంతలోనే అనుమానం వచ్చింది. "అవ్గని, మేడం నీకెట్ల ఎర్క?"

ఏలీయా గొంతు తగ్గించాడు. "నిద్ర వడ్తలేదని పోతున్న. మరి మీకు?"

"కోపానికి," అన్నాడు మదన్ మోహన్, చుట్టూ చూసి.

ఇన్నాళ్లూ ఒకరి కంట ఒకరు పడకుండా వెళ్లొచ్చినవాళ్లే. అంతలో సందులోంచి రొప్పుతూ వచ్చిన ఎలిశిబా వాళ్ల మాట విన్నది. "మేడం మూసిన దుకాణంతోటి మాట్లాడుతున్నది! గీమెను గిట్లనే ఇడిచిపెడ్తమా? నా భయం పోగొట్టింది గీమెనే." ముగ్గురూ దవాఖానకు బయలుదేరారు. తోవలో వాళ్ల మాట చెవిన పడి, తామూ ఆ మేడం దగ్గరికే వెళ్తున్నామని ఇంకో నలుగురు బయటపడ్డారు.

గదిలో సృజన తల వంచుకుని "గ్రూపు కుదర్లేదు మేడం" అంటుండగానే తలుపు తోసుకుని ఏడుగురూ వచ్చారు. గోదావరి మేడం ఉన్నదని కూడా చూడకుండా కుర్చీలు గుండ్రంగా జరిపి, సృజనను నడుమ కూర్చోబెట్టారు.

"ముందుగాల నిమ్మలంగ ఊపిరి దీస్కోండ్రి," అన్నాడు ఏలీయా. "ఈడ చెప్పింది ఈ అర్ర దాటదు."

"నా మాటిని ఓ వారం రేగోడ్‌ల మా చేను చెల్క కాడ..." అని మొదలుపెట్టాడు మదన్ మోహన్.

"సలహాలు చెప్పొద్దు పటేలా. ఇనాలె," అంది ఎలిశిబా.

మాటకు మాట ఎదురొస్తే బల్ల గుద్దే మదన్ మోహన్ నోరు మూసుకుని చేతులు కట్టుకున్నాడు.

"నేను దాక్కున్నది మీ ఇజ్జత్ కోసమే..." అని చెప్పబోయింది సృజన. ఏడాది పొడుగునా అందరినీ ఎలా ఉన్నారని అడిగినదే గాని, తనను అడిగినవాళ్లు లేరు. భోరున ఏడ్చేసింది. ఎవరూ తొందరపెట్టలేదు, ఊరుకోమనలేదు. ఏడుపు దానంతటది ఆగేదాకా కూర్చున్నారు. అది ఆమె దగ్గర నేర్చుకున్న విద్యే. నేర్పిన ఆ పిల్లకు చేతులెత్తి మొక్కాలి.

"గ్రూపు కుదర్లేదంటివి, ఇదేంది మరి?" అంది గోదావరి మేడం, కళ్లద్దాలు తుడుచుకుంటూ. "నా సర్వీసుల గింత మంచి గ్రూపు చూడలె." వాళ్ల వైపు తిరిగింది. "వచ్చే బుధవారం గూడ అందరు గిట్లనే కూసుంటరా?"

"ఎందుకు కూసోం?" అంది ఎలిశిబా. "మేడంకు నయమయ్యేదాక వస్తం."

పరిశోధనకు కావలసిన గ్రూపు అలా కుదిరింది. అందులో పేషెంటు ఎవరని మాత్రం గోదావరి మేడం అడగలేదు.