అయిదో మనిషి కూనిరాగం

ఆ రోజు ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చిన్నదే. మధ్యాహ్నం మామగారు దుకాణం షట్టర్ సగం దించి భోజనానికి పైకి వెళ్ళి కునుకు తీసే వేళకి వెనక గదిలోకి దూరాలి. తన బ్యాండుతో ఒక్క పాట రికార్డు చేయాలి. నాలుగింటికి ఆల్బమ్‌లు వేసే కంపెనీ ఆయన వస్తే వినిపించాలి. అంతకు మించి ఏమీ లేదు.

"ఇవాళతో తేలిపోతుంది," అన్నాడు భార్యతో. "పాటగాడిగా మిగులుతానో, సోమవారం నుంచి మీ నాన్న కౌంటర్లో కూర్చుని పళ్ళమ్ముతానో."

"పళ్ళమ్మితే తప్పేముంది? కొన్నవాళ్ళు కనీసం రోజూ వాడతారు," అంది ఆమె చొక్కా ఇస్త్రీ చేస్తూ.

మామగారిది కట్టుడు పళ్ళ దుకాణం. కింద దుకాణం, దాని వెనక పని గది, మేడ మీద కాపురం. వీధిలో అందరూ ఆయన్ని పళ్ళాయన అంటారు. పాటలంటే ఆయనకు గిట్టదు. "పాట కూడు పెట్టదు. పెట్టినా నమలడానికి పళ్ళుండాలి," అనేవాడు. అల్లుడి మొదటి ఆల్బమ్ ఆడింది కాబట్టి ఊరుకున్నాడు. రెండోది కూడా ఆడితే నీ ఇష్టం, ఆడకపోతే కౌంటర్‌కి వచ్చెయ్యి అని భోజనాల బల్ల దగ్గర అందరి ముందూ ఒప్పందం చేసుకున్నాడు.

మొదటి ఆల్బమ్ చేసినప్పుడు బ్యాండులోని నలుగురికీ చోటే లేదు. మధ్యాహ్నాలు ఖాళీగా ఉండే ఈ పని గదిలోనే కూర్చుని రికార్డు చేశారు. అది మంగలి దుకాణం నుంచి బస్సు దాకా మోగిపోయింది. రెండోది కంపెనీవారి పెద్ద స్టూడియోలో, స్పాంజి గోడల మధ్య, ఏడాదంతా కష్టపడి చేశారు. కొన్నవాళ్ళు ఒకసారి విని పక్కన పెట్టేశారు. ఒక పత్రికాయన రాశాడు: "నలుగురూ చక్కగా వాయించారు. అయినా గదిలో ఎవరూ లేనట్టుంది." మామగారు అట్ట అటూ ఇటూ తిప్పి చూసి, "డబ్బా గట్టిగా ఉంది," అన్నాడు.

పోయిన వారం కంపెనీ ఆయన ఫోన్ చేశాడు. "మొదటి దాంట్లో అయిదుగురున్నారు. రెండో దాంట్లో నలుగురే. ఆ అయిదో ఆయన్ని ఎందుకు తీసేశారు?"

"మేమెప్పుడూ నలుగురమే సార్."

"ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని వినండి," అన్నాడు కంపెనీ ఆయన. "ఆయన్ని తీసుకొస్తే మూడోది చేద్దాం. లేకపోతే ఇక్కడితో నమస్కారం."

విన్నారు. నెమ్మదిగా సాగే పాటలో, గిటార్లు ఆగిన చోట, అడుగున ఎవరో కూనిరాగం తీస్తున్నారు. ఖాళీ సీసా మూతిలో గాలి ఊదినట్టు బోలుగా, తడిగా, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా.

"ఈగ అయ్యుంటుంది రా," అన్నాడు అల్లుడు.

"ఈగ శ్రుతి కలుపుతుందా?" అన్నాడు డ్రమ్ములు వాయించే పిడుగు. మనిషి ఆరడుగులుంటాడు గానీ బల్లి అరిచినా రెండడుగులు వెనక్కి వేస్తాడు.

మధ్యాహ్నం నలుగురూ షట్టర్ కింద నుంచి వంగి లోపలికి వెళ్ళారు. బయట మబ్బు పట్టి ఉంది. పని గదిలో ఒక్క బల్బు. గోడ పొడవునా సుద్దతో చేసిన దవడల అచ్చులు, పైవరసా కిందివరసా, అన్నీ సగం తెరుచుకుని మాట మధ్యలో ఆగిపోయినట్టున్నాయి. ఒక అరలో గాజు గ్లాసులున్నాయి, ఒక్కో దాంట్లో ఒక్కో పళ్ళ సెట్టు. ఆర్డరిచ్చి తీసుకోవడానికి రాకుండానే పోయినవాళ్ళవి. పారేయడానికి మామగారికి మనసొప్పదు. అన్నిటి మీదా దుమ్ము. చివరి గ్లాసులో మాత్రం నీళ్ళు తాజాగా ఉన్నాయి.

పిడుగు ఆ గ్లాసు వంక చూశాడు. "మన అయిదో మనిషి ఈయనే. పళ్ళకోసం వచ్చి, పాట విని ఆగిపోయాడు."

"నోర్ముయ్యి."

"పెద్దాయన్ని ముందు కూర్చోబెడదాం రా. గౌరవిస్తే మళ్ళీ పాడతాడు."

అల్లుడు వద్దనలేకపోయాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో సోమవారం. గ్లాసు తెచ్చి పెద్ద డ్రమ్ము మీద పెట్టారు. రికార్డింగు మొదలుపెట్టి కొత్త పాట వాయించారు. కూనిరాగం రాలేదు. మళ్ళీ వాయించారు. గ్లాసులో పళ్ళు ఓపిగ్గా నవ్వుతూ ఉన్నాయి, అంతే. మూడోసారి పిడుగు ఉత్సాహం కొద్దీ ఒక దెబ్బ ఎక్కువ వేశాడు. గ్లాసు ఎగిరింది. సెట్టు నేల మీద పడి రెండు ముక్కలైంది.

ఆ పెద్దాయనకి ఇప్పుడు నిజంగానే కోపం వచ్చి ఉంటుందని అందరికీ ఒకేసారి అనిపించింది.

"అతికిద్దాం," అన్నాడు పిడుగు. "అచ్చులు పోసే సుద్దపొడి ఇంత ఉందిగా." నీళ్ళు పోసి కలిపి రెండు ముక్కలూ అందులో కుక్కి గట్టిగా నొక్కాడు. అది చూస్తుండగానే వేడెక్కి బిగుసుకుంది. ముక్కలు అతికాయో లేదో తెలియదు, చేతిలో మాత్రం ఒక తెల్ల రాయి మిగిలింది. రాయిలోంచి నాలుగు పళ్ళు బయటికి చూస్తున్నాయి.

"పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు," అన్నాడు గిటార్ వాయించే అన్నదమ్ముల్లో పెద్దవాడు. "ఆ రాయి ఇదే."

అల్లుడు స్టూలు మీద కూలబడ్డాడు. "ఇంక చాలు. పాత పాట ఒక్కసారి వాయించి ఎవరిళ్ళకి వాళ్ళం వెళ్ళిపోదాం. ఇదే ఆఖరు."

మొదటి ఆల్బమ్‌లోని ఆ నెమ్మది పాట ఎత్తుకున్నారు. గిటార్లు ఆగే చోటు వచ్చింది. ఆగాయి. అప్పుడు దవడల అర వెనక నుంచి, గోడే పాడుతున్నట్టు, కూనిరాగం వచ్చింది.

గిటారు అన్నదమ్ములు మెడలో గిటార్లతోనే పరుగెత్తారు. వాళ్ళ వైరు అరకు తట్టుకుని దవడలన్నీ బోర్లా పడ్డాయి. షట్టర్ కింద నుంచి దూరి వెళ్తూ దాన్ని తన్నేశారు. అది దడాలున జారి మూసుకుంది. ఆ అదురుకు బల్బు ఆరింది. చీకట్లో దవడలు ఒక్కొక్కటే దొర్లి దొర్లి ఆగాయి.

"నా పళ్ళు," అంది ఒక గొంతు. అక్షరాలకు అంచుల్లేవు, మధ్యలోంచి గాలి పోతోంది. "నా పళ్ళేవి?"

పిడుగు మెల్లగా నేల మీద పడుకున్నాడు. స్పృహ తప్పిందా, తప్పినట్టు నటించాడా అన్నది నేటికీ తేలలేదు.

అల్లుడు చేతులు జోడించాడు. "అయ్యా, తమరు కాలం చేసి చాలా రోజులైంది. ఇప్పుడింక పళ్ళతో పనేముందండీ?"

"కాలం చేసింది నీ పాటలు రా," అంది గొంతు.

ఆ వెక్కిరింపు తాను భోజనాల బల్ల దగ్గర రోజూ వింటున్నదేనని అల్లుడికి లీలగా తోచింది. భయం తగ్గలేదు. ఇంకొంచెం పెరిగింది.

ఈలోగా షట్టర్ పైకి లేచింది. ముందు కంపెనీ ఆయన, వెనక అల్లుడి భార్య, ఆ వెనక అత్తగారు. లోపల దెయ్యం పళ్ళడుగుతోందని గిటారు అన్నదమ్ములు వీధంతా చెప్పేశారు. కంపెనీ ఆయన అంతకు ముందు నుంచే బయట నిలబడి వింటున్నాడు.

"ఆయనేరి?" అంది అత్తగారు.

"పైన పడుకున్నారుగా అత్తయ్యా."

"పైన ఎప్పుడు పడుకున్నారు బాబూ? తినగానే కిందకి దిగుతారుగా. మీ పాటలు తిట్టడానికేమో అనుకునేదాన్ని."

అందరూ అర వెనక గోడ వైపు చూశారు. అక్కడ చెక్క తలుపు ఒకటుంది. సుద్ద బస్తాలు పెట్టే కొట్టు అది. కూతురు వెళ్ళి తలుపు లాగింది. లోపల కుర్చీ, చిన్న దిండు, కుర్చీలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మామగారు.

"నాన్నా, చెయ్యి తియ్యి."

తీశాడు. నోట్లో ఒక్క పన్ను లేదు.

పళ్ళమ్మేవాడికే పళ్ళు లేవంటే ఎవడు కొంటాడని ఆయన ఇన్నేళ్ళూ దాచాడు. నిద్రలో ఎక్కడ జారి బయటపడుతుందోనని రోజూ ఇక్కడికొచ్చి, సెట్టు తీసి చివరి గ్లాసులో వేసి, తలుపేసుకుని కునుకు తీసేవాడు.

"ఇంట్లో కూడా చెప్పుకోలేకపోయాను," అన్నాడు భార్య ముఖం చూడకుండా.

"నాకు తెలుసు," అంది అత్తగారు. "మన పెద్దది పుట్టినప్పటి నుంచీ తెలుసు. నాకు తెలిసినట్టు మీకు తెలిస్తే బాధపడతారని ఊరుకున్నా."

ఆయన చాలాసేపు ఆవిణ్ణే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత అల్లుడి వైపు తిరిగాడు. "పళ్ళు తీస్తే పాట దానంతటదే వస్తుంది. నేనేం కావాలని పాడలేదు. నీ రెండోది కూడా ఇక్కడే కూర్చుని నాలుగుసార్లు విన్నాను. ఒక్కటంటే ఒక్కటి నోటికి రాలేదు. నా సెట్టేది?"

పిడుగు నేల మీద నుంచే రాయి అందించాడు.

కంపెనీ ఆయనకు ఇవేమీ పట్టలేదు. ఆగకుండా తిరుగుతున్న రికార్డింగును వెనక్కి తిప్పి, "కాలం చేసింది నీ పాటలు రా" అన్న దగ్గర మళ్ళీ విన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "పాట పేరు కూడా దొరికింది," అన్నాడు. "సోమవారం బయలుదేరాలి. వరసగా కచేరీలు. పెద్దాయన కూనిరాగం ముఖ్యం. కొత్త సెట్టు మాత్రం చేయించుకోకండి."

"మరి మాటలు ఎవరు పాడతారు సార్?" అన్నాడు అల్లుడు.

"మాటలదేముంది, ఎవరైనా పాడతారు. ఈ పడుకున్నతను పాడతాడు."

"దుకాణమో?" అన్నాడు మామగారు. ఆ మాటతో అందరి చూపూ ఒక్కరి మీదే ఆగింది. ఒప్పందం ఒప్పందమే.

సోమవారం మామగారు బోసినోటితో బస్సెక్కి కిటికీలోంచి చెయ్యి ఊపాడు. అల్లుడు కౌంటర్లో కూర్చున్నాడు. ఉదయమంతా దవడలు, గ్లాసులు తుడిచి అరల్లో సర్దాడు. మధ్యాహ్నం షట్టర్ సగం దించి వెనక గదిలోకి వెళ్ళాడు. కొట్టు తలుపు బార్లా తెరిచే ఉంది. కుర్చీ ఖాళీ. దిండు మామగారితో వెళ్ళిపోయింది.

కూనిరాగం మొదలైంది.

అదే బోలు గొంతు, అదే తడి. అల్లుడు కదలకుండా నిలబడి గ్లాసుల అర వైపు చూశాడు. ఉదయం తాను తుడిచినప్పుడు ఎండిపోయి ఉన్న మూడో గ్లాసులో ఇప్పుడు నీళ్ళు నిండుగా ఉన్నాయి. నీళ్ళు ఇంకా కదులుతున్నాయి. అందులో ఉదయం ఉన్న పళ్ళు లేవు.

అంత భయంలోనూ అతనికి మూడో ఆల్బమ్ గుర్తొచ్చింది. చప్పుడు కాకుండా మైకు పెట్టాడు, తన గిటారు అందుకున్నాడు. కుర్చీ వైపు తిరిగి మర్యాదగా, "అయ్యా, ఒక కొత్త పాట ఉంది. నోటికొస్తుందేమో చూడండి," అని తన కొత్త పాట ఎత్తుకున్నాడు.

పల్లవి పూర్తికాకముందే కూనిరాగం ఆగిపోయింది, కొట్టు తలుపు దానంతటదే మెల్లగా మూసుకుంది.