ముందు వరుసలో చేపపిల్లలు

పెరటి కుంటలో మూడు వందల చేపపిల్లలు వదలగానే దేశ ఆహార సమస్య సగం తీరిపోతుందని తీర్మానంగారు కరపత్రం అచ్చు వేయించారు. మిగతా సగం వచ్చే ఏడాది.

ఆయన అసలు పేరు పార్టీలో ఎవరికీ గుర్తులేదు. ఎవరు దగ్గినా లేచి దాని మీద ఒక తీర్మానం ప్రతిపాదించడం ఆయన సేవ. పద్దెనిమిదేళ్ళ ఆ సేవకు ఇంతవరకు ఒక్క పదవీ రాలేదు. ఈసారి మంత్రిగారు స్వయంగా వస్తున్నారు. మంత్రిగారి చేతుల మీదుగా చేపలు నీళ్ళలోకి, తాను పదవిలోకి. ఇదీ పథకం. రెండింటిలో ఏది ఈదుతుందో ఆయనకే నమ్మకం లేదు.

పొద్దున తొమ్మిదింటికే చేపపిల్లలు పెంచే ఆవిడ ప్రాణవాయువు నింపిన మూడు ప్లాస్టిక్ సంచులతో దిగింది.

"బాబుగారూ, సంచుల్ని అరగంట కుంటలో తేలనివ్వాలి. లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒక్క తీరుకొచ్చాక మూతి విప్పితే వాటంతటవే ఈదుకుపోతాయి."

"మంత్రిగారు రాకముందే నీళ్ళు తాకితే ఇక ప్రారంభోత్సవం ఏముందమ్మా?"

జనం ఏడుగురు వచ్చారు. అందులో ఇద్దరు టెంటు వాళ్ళు. ఖాళీ కుర్చీలు ఫోటోలో పడతాయని ఆయన సంచులకు పార్టీ రిబ్బన్లు కట్టించి ముందు వరుసలో కూర్చోబెట్టారు. టెంటు నీడ అక్కడిదాకా రాలేదు.

పదకొండింటికి, మంత్రిగారు బయల్దేరుతున్నారని ఫోను. పన్నెండింటికి, బయల్దేరబోతున్నారని ఫోను. ఈలోగా తీర్మానంగారు మైకు అందుకుని ముప్పావుగంట మాట్లాడారు. మధ్యలో ఒక సంచిలో పిల్లలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. తన ప్రసంగానికి ఎవరైనా నోరు తెరవడం ఇదే మొదటిసారి కనుక ఆయన ఇంకో పావుగంట పొడిగించారు.

"అది మెచ్చుకోవడం కాదు బాబూ, ఊపిరాడక!" అని అరిచిందావిడ.

భార్య పక్కకు లాగింది. "ఏమండీ, పాపం, వదిలేయండి. మంత్రిగారొచ్చాక ఉత్త నీళ్ళ సంచి వంచినా ఫోటోలో ఏం తెలుస్తుంది?"

ఆయన చెయ్యి రిబ్బను ముడి దాకా వెళ్ళింది. పద్దెనిమిదేళ్ళు గుర్తొచ్చాయి. చెయ్యి వెనక్కొచ్చి మళ్ళీ మైకు పట్టుకుంది.

ఒంటిగంటన్నరకు విలేకరుల్నీ కెమెరాల్నీ వెంటబెట్టుకుని మంత్రిగారు కారు దిగారు. వస్తూనే దగ్గరున్న సంచి ఎత్తి, ముడి విప్పి కుంటలోకి గుమ్మరించారు. వంద చేపపిల్లలూ తెల్లటి పొట్టలు పైకి పెట్టి, పడ్డచోటే తేలాయి. కెమెరాలు ఆగిపోయాయి. తీర్మానంగారు తన రాజకీయ జీవితానికి మనసులోనే సంతాప తీర్మానం ప్రవేశపెట్టి, ఏకగ్రీవంగా ఆమోదించుకున్నారు.

మంత్రిగారు కళ్ళద్దాలు సర్దుకుని చూశారు.

"అబ్బ! ఏం క్రమశిక్షణయ్యా! ఒక్కటి ఎగిరిందా? ఒక్కటి పక్కకు పోయిందా? మన కుర్రాళ్ళూ ఉన్నారు ఎందుకూ, మీటింగులో పది నిమిషాలు కుదురుగా కూర్చోరు. యువజన విభాగం శిక్షణకు ఇక ఛైర్మన్‌వి నువ్వే. రాసుకోండయ్యా!"

విలేకరులు రాసుకున్నారు. ఏడుగురూ చప్పట్లు కొట్టారు. తీర్మానంగారి కళ్ళు చెమర్చాయి.

చేపపిల్లల ఆవిడ కుర్చీల దగ్గర్నుంచి పరుగున వచ్చింది. "బాబుగారూ! మిగతా రెండు సంచుల్లో ఇంకా ప్రాణముంది. ఇప్పుడు దించినా బతుకుతాయి. దించనా?"

ఛైర్మన్‌గారు ఆవిణ్ణి చూశారు. సంచులు చూశారు. కుంట గట్టున కెమెరాలకు నవ్వుతూ నిలబడ్డ మంత్రిగారిని చూశారు.

"కాస్త ఆగమ్మా," అన్నారు గొంతు తగ్గించి. "ఇప్పుడవి కదిలితే బాగుండదు."