మా రైలు గేటు జోలికి రాకండి!

రైలు పట్టాల మీద వంతెన కట్టి మా నగరాన్ని సర్వనాశనం చేయాలని కొందరు కంకణం కట్టుకున్నారు. నా కంఠంలో ప్రాణం ఉండగా ఆ పని జరగనివ్వను!

గేటు పడటం మాకు శాపమట. రోజుకు యాభై నాలుగుసార్లు పడుతుందట. పడిన ప్రతిసారీ పన్నెండు నిమిషాలు నిలబడాలట. నేనొకటి అడుగుతాను. ఈ రోజుల్లో మనిషిని పన్నెండు నిమిషాలు కదలకుండా ఒకచోట నిలబెట్టగల శక్తి ఇంకేదైనా ఉందా? బడిపంతుళ్ళ వల్ల కాలేదు. డాక్టర్ల వల్ల కాలేదు. కట్టుకున్న భార్యల వల్ల అసలే కాలేదు. రెండు ఇనుప కడ్డీలకు ఎరుపూ తెలుపూ పూసి అడ్డంగా దించితే పని అయిపోయింది!

మావాళ్ళు గడియారం చూడటం ఎప్పుడో మానేశారు. ఎంతసేపట్లో వస్తావంటే "రెండు గేట్లలో వచ్చేస్తా" అంటారు. పట్టాల అవతల ఉన్న ఆఫీసుల్లో హాజరు పట్టీలో 'వచ్చారు', 'రాలేదు' అన్న గళ్ళ పక్కన 'గేటు' అని మూడో గడి గీశారు. ఇంట్లో ముసుగుతన్ని పడుకున్నవాడికి కూడా అందులోనే టిక్కు పడుతుంది. ఉద్యోగి మీద ఇంత దయగల ఆఫీసులు మీరెక్కడైనా చూశారా?

గేటు పక్కన ఒక మంగలి స్టూలు వేసుకుని కూర్చుంటాడు. గేటు పడగానే గడ్డం మొదలుపెడతాడు, లేచేలోపు ముగిస్తాడు. గూడ్సు బండి అయితే తలకు రంగు కూడా వేస్తాడు. ఒకసారి రైలు అనుకున్నదానికంటే ముందే వెళ్ళిపోవడం వల్ల ఒక బ్యాంకు మేనేజరు సగం మీసంతో వెళ్ళి సీట్లో కూర్చోవలసి వచ్చింది. ఆ తప్పు మంగలిది కాదు, రైలుది.

ఇక గేటు లేచేటప్పుడు చూడాలి! ఇటువాళ్ళు రోడ్డు మొత్తం నిండి ఉంటారు, అటువాళ్ళు రోడ్డు మొత్తం నిండి ఉంటారు. అందరూ ఒక్కసారి ముందుకు దూకి, సరిగ్గా పట్టాల మధ్యలో ముఖాముఖి ఆగిపోతారు. బస్సు డ్రైవరు లారీ డ్రైవరు వంశవృక్షాన్ని కొమ్మ కొమ్మనా తడుముతాడు. అంతలో ఇంకో రైలు కూత. అందరూ ఎంత వేగంగా ముందుకొచ్చారో అంత వేగంగా వెనక్కి పోతారు. ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు, కానీ అందరికీ వ్యాయామం అయింది.

వ్యాయామం అంటే గుర్తొచ్చింది. పడిన గేటు కింద దూరడం ఒక కళ. స్కూటర్లవాళ్ళు బండిని నేలకు ఆనేంత వంచి, మెడ వంచి, అవతల మెడ ఎత్తేసరికి రైలెంత దూరంలో ఉందో చూసుకుంటారు. మా అక్కకు యాభై ఎనిమిదేళ్ళు. అవతల ఉన్న ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. మోకాళ్ళ నొప్పితో మేడ మెట్లెక్కలేదు, కానీ రోజుకు రెండుసార్లు గేటు కింద దూరి డ్యూటీకి వెళ్ళొస్తుంది. ఇది గేటు చలవ కాక మరేమిటి?

ఈ వంతెన గొడవ మొదలుపెట్టింది కూడా మా అక్కే. పోయిన నెల ఒకరోజు పొద్దున రైలు వెళ్ళిపోయింది కదా అని అందరితోపాటు గేటు కింద దూరింది. రెండో పట్టా మీద ఎదురుగా ఇంకో రైలు వస్తోంది. ముందు రైలు చప్పుడులో దాని కూత వినపడలేదు. గేట్‌మాన్ కేకలు పెడుతూ పరుగెత్తుకొచ్చాడు. అక్క రెండు పట్టాల మధ్య సిగ్నల్ స్తంభానికి వీపు ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడింది. చేతిలో సంచి ఎగిరిపోయింది. పద్దెనిమిది పెట్టెలు ముఖం ముందునుంచి పోయాయట. కళ్ళు మూసుకుని కూడా లెక్కపెట్టింది.

మా ఇంటికొచ్చి మంచినీళ్ళు అడిగింది. గ్లాసు నేనే పట్టి తాగించాను. చిన్నప్పుడు మా అమ్మ పోతే నన్ను పెంచిన మనిషి. నాకు నిజంగా భయం వేసింది. ఆ మాట ఇలాంటి వ్యాసంలో రాయకూడదు, కానీ రాశాను.

"ఒరేయ్, నాకు రిటైర్మెంట్ ఇంకా రెండేళ్ళుంది. అంతవరకూ ఇలా దూరలేన్రా. ఏదో ఒకటి కట్టమని అడుగుతాను" అంది.

అడిగింది. మా నగరపాలక సంస్థవాళ్ళు కదిలారు. కదలటమంటే అలా ఇలా కాదు, సర్వే పెట్టారు! గేటు దగ్గర ఎంత రద్దీ ఉందో రెండు రోజులు లెక్కపెట్టాలని పన్నెండుమందిని కుర్చీలేసి రోడ్డు మీద కూర్చోబెట్టారు. రద్దీలో కూర్చుంటే వాళ్ళకు ప్రమాదం కదా? అందుకని ఆ రెండు రోజులూ పోలీసులు వాహనాలన్నిటినీ వేరే దారికి మళ్ళించారు. ఉద్యోగుల ప్రాణాల మీద ఇంత శ్రద్ధ ఉన్న ప్రభుత్వాన్ని తిట్టడానికి మీకు నోరెలా వస్తుంది?

రెండు రోజుల లెక్క తేలింది. సైకిళ్ళు పదకొండు. నీళ్ళ ట్యాంకరు రెండు. నిజానికి ట్యాంకరు ఒకటే. లెక్కపెట్టేవాళ్ళకు తాగడానికి నీళ్ళు తెచ్చింది, వస్తూ ఒకసారి పోతూ ఒకసారి పడింది. ఇక్కడ వంతెన అవసరం బొత్తిగా లేదని నిపుణులు ఏకగ్రీవంగా తేల్చారు.

ఆ సంగతి ప్రజలకు చెప్పడానికి సమావేశం పెట్టారు. గేటు అవతలి ఆఫీసులో, మేడ మీద హాలు. ప్లాస్టిక్ కుర్చీలు, తిరగని ఫ్యాను, గోడకు నాలుగు మూలలా టేపు వేసి అంటించిన నగరపటం. పదకొండింటికి అన్న సమావేశం పన్నెండింటికి మొదలైంది. ఇంజనీరుగారు గేటు దగ్గర ఇరుక్కుపోయారు. మా వీధివాళ్ళంతా వచ్చారు. మేడ మెట్లెక్కడానికి అక్క తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను.

ఇంజనీరుగారు లెక్కలన్నీ చదివాక అక్క లేచింది.

"ఆ రెండు రోజులూ నేను మీవాళ్ళ కుర్చీల ముందునుంచే నడిచి వెళ్ళాను బాబూ. నన్ను ఏ గడిలో రాశారు?"

"నడిచేవాళ్ళకు గడి లేదమ్మా. ఇది వాహనాల సర్వే."

"మరి రైలు కింద పడేది నడిచేవాళ్ళే కదా?"

"అందుకేనమ్మా, నడిచేవాళ్ళకని తొమ్మిదేళ్ళ క్రితమే కాలిబాట వంతెన మంజూరు చేశాం. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు లిఫ్టుతో సహా! ప్రజలే వద్దన్నారు."

"ఏ ప్రజలు?"

ఇంజనీరుగారు అటెండరును పిలిచి ఫైలు తెప్పించారు. దుమ్ము దులిపి, కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టారు.

"తరతరాలుగా ప్రశాంతతకు నెలవైన మా వీధి గగనతలాన్ని ఒక ఇనుప రాక్షసి కబళించబోవుచున్నది..."

మొదటి వాక్యానికే ఆ రాత ఎవరిదో గుర్తుపట్టాను. రోజుకు యాభై నాలుగు రైళ్ళు కూతపెట్టే వీధిని ప్రశాంతతకు నెలవని రాయగల మొనగాడు మా నగరంలో ఒక్కడే ఉన్నాడు. వాడి వ్యాసమే మీరిప్పుడు చదువుతున్నారు.

గగనతలం అంటే ఏమీ లేదు. వంతెన మెట్లు మా ఇంటి ముందు దిగుతాయి, మా ఆవిడ మేడ మీద ఆరేసే బట్టలకు మధ్యాహ్నం ఎండ తగలదు. అది రాస్తే బాగుండదని ఇది రాశాను.

"ఎంత బాగా రాశారో చూశారా!" అన్నారు ఇంజనీరుగారు కళ్ళజోడు తీసి. "మేం దీన్ని కాపీలు తీయించి పెట్టుకున్నాం. ఎక్కడ ఎవరు వంతెన వద్దని వచ్చినా ఇదే ఇస్తాం. వీధి పేరు మార్చుకుని సంతకాలు పెడితే చాలు. ఇప్పటికి తొమ్మిది గేట్ల దగ్గర పనికొచ్చింది."

పాఠకులారా, ముప్ఫై ఏళ్ళుగా రాస్తున్నాను. నా రచన తొమ్మిది ముద్రణలు పొందడం అదే మొదటిసారి!

"కింద నలభై సంతకాలున్నాయమ్మా. వీటిలో..." అంటూ ఆయన కాగితం తిప్పి వేలితో వెతికారు. "మూడోది మీదే కదా?"

అక్క దగ్గరికి వెళ్ళి చూసింది.

"నాదే. చదవకుండా పెట్టాను" అంది.

"చదవకుండా ఎలా పెట్టారమ్మా?"

"ఇంట్లో మనిషే తెచ్చాడు బాబూ. ఇంట్లో మనిషి తెచ్చిన కాగితం చదువుతామా?"

ఆ మనిషి ఎవరో చెప్పలేదు. నావైపు చూడను కూడా లేదు. చూసి ఉంటే బాగుండేది. మిగతా సంతకాలవాళ్ళంతా ఒక్కసారిగా తలలెత్తి, తిరగని ఫ్యానును తిరుగుతున్నంత శ్రద్ధగా చూశారు.

అభ్యంతరం వెనక్కి తీసుకుంటే ఆ వంతెన కట్టవచ్చా అని నేనే లేచి అడిగాను. కట్టవచ్చట. కానీ పద్ధతుంది. సంతకం పెట్టిన నలభైమందీ మళ్ళీ సంతకం పెట్టాలట.

మూడు రోజులుగా ఇల్లిల్లూ తిరుగుతున్నాను. పోయినవాళ్ళ సంతకాలు వాళ్ళ పిల్లలు పెట్టవచ్చన్నారు కాబట్టి అక్కడికీ వెళ్ళాను. అందరూ నన్ను ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, మా గగనతలం, మా ప్రశాంతత, ఇనుప రాక్షసి అని నా మాటలే నాకు అప్పజెప్పారు. ఒక్క ముక్క కూడా పొల్లుపోలేదు! ఎదురింటి పెద్దాయనకైతే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక్కరూ సంతకం పెట్టలేదు. వంతెన రాకపోవడానికి ప్రభుత్వం చేతకానితనమే కారణమని మాత్రం అందరూ ముక్తకంఠంతో తేల్చి, ఆ మాట గట్టిగా వ్యాసం రాయమని నన్ను కోరారు. అదే ఇది.

ఈరోజు పొద్దున ఆరున్నరకు అక్క దగ్గరికి వెళ్ళాను. కాగితం ఇస్తే, గుమ్మంలో నన్ను నిలబెట్టి మొదటినుంచి చివరిదాకా చదివింది. వెనక్కి తిప్పి అటుపక్క ఏమైనా ఉందేమో చూసింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. అప్పుడు సంతకం పెట్టింది.

"అక్కా..." అన్నాను.

"జరగరా, గేటు పడే టైమైంది" అని సంచి భుజానికి తగిలించుకుని, గుమ్మానికి అడ్డంగా ఉన్న నన్ను చేత్తో పక్కకు నెట్టి వెళ్ళిపోయింది.