అమ్మవారి పువ్వులు, ఆఫీసు పుప్పొడి

బతుకమ్మ పండగ చివరి రోజైన సద్దుల నాటి పొద్దున దీప వేసుకున్న పథకం చాలా చిన్నది. శామీర్‌పేటలో తాను పనిచేసే విత్తనాల కంపెనీ తోటకు వెళ్ళాలి, ముందురోజు గుర్తు పెట్టి ఉంచిన గుమ్మడి మగపువ్వులు ఈసారి తానే కోయాలి, ల్యాబులో వాటి పుప్పొడిని చక్కెర నీళ్ళ చుక్కలో వేసి మొలిపించాలి. మధ్యాహ్నానికి మేడ్చల్‌లో ఇల్లు చేరి అత్తగారితో కలిసి బతుకమ్మ పేర్చాలి. పండగనాడు కూడా డ్యూటీ ఏమిటని ఎవరైనా అడగొచ్చు. తనిఖీకి పుణె నుంచి వస్తున్న పెద్ద సారుకు బతుకమ్మ సంగతి తెలియదు. తెలిసిన ల్యాబు పెద్ద అరుణ్ సారుకు ఆయనతో చెప్పే ధైర్యం లేదు.

పుప్పొడి మొలవడం పెద్ద వింతేమీ కాదు. మంచి పుప్పొడి అయితే కాసేపట్లో గింజ నుంచి సన్నని గొట్టం బయటికొస్తుంది, మైక్రోస్కోపులో కనిపిస్తుంది. దీప చేతిలో నెల రోజులుగా ఒక్కటీ రాలేదు. చక్కెర మార్చింది, నీళ్ళు మార్చింది, చివరికి జడ వేసుకునే తీరు కూడా మార్చింది. "ఇయ్యాల గూడ మొలవకుంటే రేపటి సంది జీడిమెట్ల గోదాముల ప్యాకింగు జూస్కో" అని అరుణ్ సార్ పొద్దున్నే ఫోనులో తేల్చేశాడు. ఆయనకు మైక్రోస్కోపు మీద ఈగ వాలినా ఒళ్ళు మండుతుంది. రోజూ దాన్ని తన సొంత రుమాలుతో తుడిచి, ఎవరు ముట్టుకున్నారని అందరినీ అనుమానంగా చూస్తాడు.

తేనెటీగలు దూరకుండా ముందురోజు సాయంత్రం దీప మొగ్గల మూతులకు ఎర్రదారం కట్టింది. కొంప మునిగింది అక్కడే. తోటపని చూసే గాలయ్య ఆ దారాలు చూశాడు. రేపు సద్దులు, ఇవి గుమ్మడి పువ్వులు, పైగా ఎర్రదారం. పిల్ల బతుకమ్మకు మొక్కుకుని వీటిని పక్కన పెట్టుకుందని గ్రహించడానికి ఆయనకు ఎవరి సాయమూ అవసరం పడలేదు. తెల్లారకముందే లేచి తలస్నానం చేసి, ఆ పువ్వులన్నీ కోసి, తడిగుడ్డలో చుట్టి, భార్య శివమ్మ చేతికిచ్చి మొదటి బస్సుకు మేడ్చల్ పంపించాడు.

దీప వెళ్ళేసరికి తోటలో తీగలున్నాయి, ఆకులున్నాయి. దారం కట్టని పువ్వులూ ఉన్నాయి గానీ, వాటిని తేనెటీగలు అప్పటికే ఊడ్చేశాయి.

"రంది పెట్టుకోకు బిడ్డా, పువ్వులు మీ ఇంటికే పంపిన" అన్నాడు గాలయ్య, మెచ్చుకుంటుందేమోనని చూస్తూ.

ఆయన్ని తిట్టాలో, దండం పెట్టాలో దీపకు తెలియలేదు. గేటు దగ్గరున్న మోయిజ్ ఆటో ఎక్కి వెనక్కి పరుగెత్తింది. ఇంటి దగ్గర అత్తగారు ఐలమ్మ, పువ్వులు పొద్దున్నే వచ్చాయి కదాని, వాడకట్టులో అందరికంటే ముందే తాంబాళంలో బతుకమ్మను పేర్చేసింది. పైవరసంతా గుమ్మడి పువ్వులే. ఆపైన పసుపు గౌరమ్మ.

"గౌరమ్మ కూసున్నంక పువ్వు తీస్తరానె? చెరువుల ఏసేదాక ఒక్క రెక్క గూడ కదలది."

పుప్పొడిని ఇక్కడే దులిపి తీసుకెళ్దామంటే గుమ్మడి పుప్పొడి సుకుమారం, పువ్వు నుంచి విడదీస్తే దారిలోనే ఎండి చస్తుంది. ల్యాబు పోయి ప్యాకింగు మిగులుతుందని దీప ఉన్నదున్నట్టు చెప్పి ఏడ్చేసింది. ఐలమ్మ ఆలోచనలో పడింది. కోడలు మైక్రోస్కోపులో చూస్తుందని ఆమె వాడకట్టంతా చెప్పుకుంది. ఇప్పుడు ప్యాకింగు అని చెప్పుకోవడం ఆమె వల్ల కాదు.

"పువ్వు రాదు. బతుకమ్మ వస్తది. దానెంబడి నేనొస్త."

అత్తాకోడళ్ళూ బతుకమ్మా ఆటో ఎక్కారు. ఆ వాడకట్టులో పాట ఎత్తుకునేది ఐలమ్మే. ఆమె బతుకమ్మతో సహా బయలుదేరడం చూసి, ఈసారి ఆట కోడలి కంపెనీలో కాబోలనుకున్న ఆడవాళ్ళు హడావుడిగా తమ బతుకమ్మలు పేర్చుకుని, దొరికిన ఆటో ఎక్కి వెనకే వచ్చారు. గేటు దగ్గర వాచ్‌మన్ అంజయ్యకు అరుణ్ సార్ పొద్దున్నే గట్టిగా చెప్పి ఉన్నాడు: ఇవాళ అతిథులొస్తారు, ఏమీ అడగకుండా లోపలికి పంపి మర్యాదగా కూర్చోబెట్టు. అంజయ్య ఏమీ అడగలేదు. పట్టుచీరలన్నిటినీ ఏసీ హాల్లో కూర్చోబెట్టి, పెద్ద సారు కోసం తెప్పించిన సమోసాలు పంచాడు.

ల్యాబులో ఐలమ్మ బతుకమ్మను మైక్రోస్కోపు పక్కన దించింది. అమ్మవారు వచ్చిన చోట బొట్టు లేని వస్తువు ఉండకూడదని మైక్రోస్కోపుకు పసుపు రాసి, నడినెత్తిన కుంకుమ బొట్టు పెట్టింది. సరిగ్గా అప్పుడే పెద్ద సారును వెంటబెట్టుకుని అరుణ్ సార్ లోపలికొచ్చాడు. చేయి దానంతటదే రుమాలు కోసం జేబులోకి వెళ్ళింది గానీ, ఐలమ్మ చూసిన చూపుకు అక్కడే ఆగిపోయింది.

దీప ఎవరి మొహమూ చూడలేదు. కుంచెతో పైవరస పువ్వును మెల్లగా తాకి, పుప్పొడిని చుక్కలో దులిపింది. ఒక్క రెక్క కూడా కదల్లేదు. అందరూ నిలబడి ఎదురుచూశారు. ఐలమ్మ కోసం చూసి చూసి ఆడవాళ్ళు హాల్లోంచి బయటికొచ్చి పార్కింగులో పాట మొదలుపెట్టారు. పెద్ద సారు వంగి మైక్రోస్కోపులో చూశాడు, చాలాసేపు చూశాడు. తర్వాత అరుణ్ సార్ చూశాడు. గింజ గింజకూ గొట్టం, ఉడికిన సేమ్యాలాగా ఒకదాని మీద ఒకటి. దీప స్టూలు మీద కూలబడి మళ్ళీ ఏడ్చింది, ఈసారి హాయిగా.

నెల నుంచి మొలవనిది ఇవాళ ఎలా మొలిచిందని పెద్ద సారు అడిగాడు. చక్కెర అదే, నీళ్ళు అవే. గాలయ్యను పిలిపించారు.

"రోజూ పువ్వులు నేనే తెస్త సార్. ఎండెక్కినంక, చాయ్ దాగి కోస్త. సైకిల్ మీదేసుకొని తెస్త."

"మరి ఇయ్యాల?" అన్నాడు అరుణ్ సార్.

"ఇయ్యాల్టియి అమ్మవారికి గద సార్."

రేపటి నుంచి ఆఫీసు పువ్వులూ అలాగే తేవాలని అరుణ్ సార్ ఆజ్ఞాపించాడు. రేపు బతుకమ్మ లేదు కదా అన్నాడు గాలయ్య. పోతూ పోతూ బొట్టుతో ఉన్న మైక్రోస్కోపును చూసి ఆగాడు, చెప్పులు గుమ్మం బయట విడిచొచ్చి దానికి దండం పెట్టుకున్నాడు.

మర్నాడు తెల్లారేసరికి పువ్వులు తడిగుడ్డలో వచ్చాయి, ఆ మర్నాడూ వచ్చాయి. దీప జీడిమెట్ల వెళ్ళలేదు. మైక్రోస్కోపు మీది బొట్టును ఎవరూ తుడవరాదని, చెరిగితే వెంటనే మళ్ళీ పెట్టాలని అరుణ్ సార్ ల్యాబు గోడ మీద నోటీసు అంటించాడు.