ఫ్రీజర్లో చొక్కాలు

పంతొమ్మిదేళ్లుగా మ్యూజియంలో చచ్చిన పక్షుల కాళ్లకు చీటీలు కడుతున్న ఆయనకు ఇన్నాళ్లకు బతికున్న పక్షులను చూసే యోగం పట్టింది. నడిసముద్రంలో మనుషులు లేని ఒక దీవికి వెళ్లే బృందంలో గూళ్లు లెక్కపెట్టే పని ఆయనకిచ్చారు. మ్యూజియంలో అందరూ చీటీలాయన అంటారు, మనమూ అలాగే అందాం.

ప్రయాణం మర్నాడు. ఆ దీవిలోకి బయటి గింజ గానీ చీమ గానీ పోకూడదు. అందుకని వెళ్లేవాళ్లు బట్టలన్నీ రెండు రోజులు ఫ్రీజర్లో ఉంచి, తీసి సంచిలో మూసి, ఈ ఉదయం పది గంటలకు తనిఖీ అధికారిణికి చూపాలి. ఒక్క గింజ దొరికినా ఆ మనిషి పేరు కొట్టేస్తారు. గడువు పూర్తయింది కాబట్టి చీటీలాయన నిశ్చింతగా స్నానానికి వెళ్లాడు. ఈ సంగతులన్నీ భార్యకు తెలుసు. రాత్రే ఊరి నుంచి దిగిన అత్తగారికి చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

మంచుముక్కల కోసం ఫ్రీజర్ తెరిచిన అత్తగారికి అల్లుడి చొక్కాలు, సాక్సులు మంచుపట్టి కనిపించాయి. మొగుడి బట్టలు ఇలా పడేసిందంటే కూతురికి ఎంత కోపమొచ్చి ఉండాలి? అడుగుదామంటే అది ఆఫీసుకు వెళ్లిపోయింది. గొడవ గుట్టుగా సర్దేద్దామని బట్టలన్నీ తీసుకెళ్లి పెరట్లో గడ్డిపొదల మీద ఎండేసింది.

"ఏంటండీ, ఇంత పొద్దున్నే?" అని పక్కింటావిడ గోడ మీంచి అడిగింది.

"ఏముందమ్మా, చిన్న మాటపట్టింపు. ఏ ఇంట్లో ఉండవు?"

పక్కింటావిడ వరండాలో ఉన్న పెద్ద సంచీని చూసింది. వెంటనే చీటీలాయన భార్యకు ఫోన్ చేసి, "మీ ఆయన ఇల్లు వదిలి పోతున్నాడు, తొందరగా రా" అంది. ప్రయాణం రేపైతే ఈ రోజే ఎక్కడికని ఆవిడ సెలవు పెట్టి పరుగున వచ్చింది. వచ్చేసరికి మొగుడు తువ్వాలుతో పొదల మధ్య కూర్చుని సాక్సుల్లోంచి గడ్డిగింజలు పీకుతున్నాడు.

"అత్తయ్యగారూ, పంతొమ్మిదేళ్లండీ" అన్నాడు, ఏడుపొక్కటే తక్కువగా.

సంగతి తెలిశాక అత్తగారు పక్కనే చతికిలబడి గింజలు ఏరింది. ముగ్గురూ ఏరినా మళ్లీ ఫ్రీజర్లో పెట్టే వ్యవధి లేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు కూడా. కానీ ఆ దీవిలోని పిట్టలు తలపుకొచ్చి చీటీలాయనకు అబద్ధం నోరు దాటలేదు. అధికారిణి ముందు ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"తప్పు నాదమ్మా. ఆయన్ని ఆపకండి" అంది వెంట వచ్చిన అత్తగారు.

"రూలు రూలేనండీ" అంటూ అధికారిణి కలం తీసింది.

అత్తగారు దిగులుగా బల్లవైపు చూసింది. అక్కడ బృంద నాయకుడి సంచి తనిఖీ ముగించుకుని తెరిచే ఉంది. పప్పులో రాళ్లు ఏరి ఏరి పండిన కళ్లు ఊరుకోలేదు. కాలర్ మడతలోంచి రెండు గింజలు, బూటు కుట్టులోంచి ఒకటి, జేబులోంచి బతికున్న చీమను తీసి బల్లమీద పెట్టింది.

అధికారిణి భూతద్దంతో చూసి, పేర్లు కొడితే నాయకుడిదీ కొట్టాల్సొస్తుందని కలం మూసేసింది. అందరి బట్టలూ మళ్లీ రెండు రోజులు ఫ్రీజర్లోకి వెళ్లాయి, చీటీలాయనవి కూడా. పడవ ప్రయాణమూ అన్నాళ్లు ఆగింది. అధికారిణి ఇంకో షరతు పెట్టింది, అత్తగారే వెంట వెళ్లి దారి పొడుగునా సంచులు చూడాలని.

ఆ దీవిలో అల్లుడు లెక్కపెట్టిన గూళ్లు నాలుగు వందల పదకొండు, అత్తగారు లెక్కపెట్టినవి నాలుగు వందల పదమూడు. నివేదికలో రెండోదే వేశారు.