పిస్తోలుకు పళ్ల వైద్యం

ఆ ఉదయం పళ్ల డాక్టరు వేసుకున్న పథకంలో పొరపాటు జరగడానికి చోటే లేదు. ముందు ప్లీడరుగారి దవడపన్ను చూడాలి. తరువాత, అత్తగారు గుడ్డసంచిలో చుట్టి రహస్యంగా ఇచ్చి వెళ్లిన పాత పిస్తోలును పాతవస్తువుల నిపుణుడికి చూపించి, అది ఏ కాలంనాటిదో, ఎంత విలువ చేస్తుందో రాయించుకు రావాలి. మామగారి పుట్టినరోజున ఆ కాగితాన్నీ పిస్తోలునూ అద్దాల పెట్టెలో పెట్టి ఆయన చేతికివ్వాలి. అంతే.

పిస్తోలు మామగారి ముత్తాతది. దాన్ని పట్టుకుని ఆ మహానుభావుడు ఒంటిచేత్తో వంతెన కాపాడాడని మామగారు చెప్పని రోజు లేదు. ఇక డాక్టరు సంగతి చూస్తే, పెళ్లయిన ఇన్నేళ్లలో అత్తవారు నమ్మి అప్పగించిన పని ఇదొక్కటే. అంతకుముందు ఒకసారి గోడకు మేకు కొట్టమన్నారు గాని, ఆ మేకు సంగతి ఇప్పుడు ఎందుకులెండి.

"జాగ్రత్త నాయనా, దాన్ని ఆయన నన్ను కూడా ముట్టుకోనివ్వరు. నీ మీద నమ్మకంతో ఇస్తున్నాను," అని మరీ చెప్పి వెళ్లింది అత్తగారు.

సంచి విప్పగానే డాక్టరు ప్రాణం ఉసూరుమంది. గొట్టం పొడవునా నల్లటి గార. పిడి సందుల్లో జిడ్డు. పళ్లు తోముకోకుండా వచ్చి నోరు తెరిచేవాళ్లను చూస్తేనే అతనికి ఒళ్లుమంట. అలాంటిది, తన చేత్తోనే ఇంత మురికిదాన్ని ఒక పెద్దమనిషి ముందు పెడితే తల ఎక్కడ పెట్టుకోవాలి? పిస్తోలును పేషెంటు కుర్చీలో పడుకోబెట్టి, లైటు దించి, గార తీసే మిషను ఆన్ చేశాడు. తరువాత పేస్టు పెట్టి బ్రష్షుతో మెరుగు పట్టాడు. చివర్న సన్నటి కొక్కెంతో సందుసందూ గీకి చూసి, "ఒక్క పుచ్చు కూడా లేదు!" అని అలవాటు కొద్దీ పైకే అనేశాడు. పిస్తోలు కొత్త చెంచాలా తళతళలాడింది.

ఆ ఉత్సాహంలోనే నిపుణుడికి ఫోన్ చేశాడు.

"రండి రండి," అన్నాడు నిపుణుడు. "ఒక్క మాట. పొరపాటున కూడా దాన్ని తుడవకండి. ఆ మసే దాని వయసుకు సాక్ష్యం. కొంతమంది బుద్ధిలేనివాళ్లు తళతళా తోమి పట్టుకొస్తారు."

"అలాంటివాళ్లు కూడా ఉంటారాండీ?" అన్నాడు డాక్టరు, పిస్తోలు మీద సంచి కప్పేస్తూ.

"ఎందుకుండరూ, లోకం గొడ్డుపోయిందా?"

డాక్టరుకు చెవులు వేడెక్కాయి. గదిలో ఎవరూ లేకపోయినా గోడలన్నీ తననే చూస్తున్నట్టు అనిపించింది. "కాస్త ఆలస్యమవుతుందండీ. ఇక్కడ... పరిస్థితి ఏం బాగాలేదు," అన్నాడు.

"అయ్యయ్యో! పేషెంటు సీరియస్సా? మీరు కదలకండి, నేనే వస్తాను," అని నిపుణుడు ఫోన్ పెట్టేశాడు.

పోయిన మసిని మళ్లీ వచ్చేలా చేయడం ఎలా? టీ మరక పళ్లను ఎలా నల్లబరుస్తుందో డాక్టరు కంటే తెలిసినవాళ్లు లేరు. చిక్కటి డికాక్షన్ కాచి, గుప్పెడు ఉప్పు వేసి, ట్రేలో పోసి పిస్తోలును ముంచాడు. మిగిలినది గ్లాసులో పోసి కుర్చీ పక్కన పెట్టాడు. అంతలో ప్లీడరుగారు వచ్చి, కూర్చుని, నోరు తెరిచారు.

"ఒకసారి పుక్కిలించండి," అన్నాడు డాక్టరు పరధ్యానంగా.

ప్లీడరుగారు చేతికందిన గ్లాసెత్తి నోట్లో పోసుకున్నారు. కళ్లు తేలేశారు. ఉమ్మడానికి పక్కకు తిరిగేసరికి ట్రేలో పిస్తోలు కనిపించింది. డాక్టరు గభాలున దాన్ని పైకి తీసి, "మీరు దీన్ని చూసినట్టు ఎవరికీ చెప్పకండి, మీకు దణ్ణం పెడతాను!" అన్నాడు. దణ్ణం పెట్టడానికి రెండు చేతులూ కలిపాడు గాని, వాటి మధ్య పిస్తోలుంది. దాని మూతి ప్లీడరుగారి ముక్కుకు ఎదురుగా ఉంది.

ప్లీడరుగారు మెడలోని తువ్వాలుతో సహా వీధిలోకి పరుగు తీసి, తిన్నగా తన పాత స్నేహితుడైన మామగారి ఇంట్లో తేలారు. "మీ అల్లుడు నాచేత ఏదో విషం తాగించి, పిస్తోలు గురిపెట్టాడయ్యా!" అన్నారు.

మామగారికి విషం వినపడలేదు, పిస్తోలు వినపడింది. బీరువా తీసి చూశారు. ఆ తరువాత ఆయన కాలికి చెప్పుల్లేకుండా క్లినిక్కుకు వచ్చారు. వెనకే అత్తగారు. వాళ్ల వెనకే, "పేషెంటుకు ఎలా ఉంది?" అంటూ నిపుణుడు.

పేషెంటు మచ్చలు మచ్చలుగా ఉంది.

"ఎవరు చేశారీ పని?" అన్నారు మామగారు.

"నేనేనండీ, మామయ్యగారూ. ముందు తోమాను. తరువాత టీలో నానబెట్టాను." చెప్తుంటే డాక్టరుకు తన గొంతు తనకే అసహ్యంగా వినిపించింది. భూమి విచ్చుకుంటే అందులోకి దూరిపోవాలనిపించింది.

నిపుణుడు పిస్తోలందుకుని, భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. "తోమితే తోమారు, ఇందులో పోయిందేమీ లేదు," అన్నాడు. "ఈ పక్కన చిన్న గిన్నె ఉంది చూశారా? ఇందులో తుపాకిమందు అంటుకుంటే ఆ నిప్పు గొట్టంలోకి పోవడానికి ఇక్కడ సూది బెజ్జం ఉండాలి. లేదు. అసలు వేయనేలేదు. ఇది పేలే పిస్తోలు కాదండీ, నాటకాలకు చేసిన బొమ్మ."

"మరి మా ముత్తాత... ఆ వంతెన..."

మామగారు పేషెంటు కుర్చీలో కూలబడ్డారు. ఆ కుర్చీలో ఎన్ని ముఖాలు చూశాడో డాక్టరు, ఇలాంటి ముఖం మాత్రం చూడలేదు. పెద్దాయన పెదవి చిన్నపిల్లవాడి పెదవిలా వణుకుతోంది. తాను తోమకపోతే ఆ గార కిందే అంతా చల్లగా ఉండేది కదా అనుకున్నాడు. ఈ నొప్పికి అతని దగ్గర మత్తుమందు లేదు.

"బెజ్జం ఉందండీ," అన్నాడు హఠాత్తుగా. "పొద్దున ఉంది. నేనే పూడ్చేశాను."

"పూడ్చేశారా?" అన్నాడు నిపుణుడు.

"పుచ్చనుకున్నానండీ. చెయ్యి అలవాటు."

నిపుణుడు ఆ చోట గోటితో గీరాడు. "అతుకే కనపడటం లేదే!"

"మా పని అలాగే ఉండాలండీ," అన్నాడు డాక్టరు నేల చూస్తూ.

నిపుణుడు అతన్ని చూశాడు, కుర్చీలోని పెద్దాయనను చూశాడు, భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. "పూడ్చేశాక దీనికి వెలకట్టడం నావల్ల కాదు," అని వెళ్లిపోయాడు.

మామగారికి ప్రాణం లేచొచ్చింది. ఆయన కూడా లేచారు. "శత్రువులు మూయించలేకపోయిన పిస్తోలు నోరు నువ్వు మూయించావా అల్లుడూ! చదువుకున్నవాడివే, బెజ్జానికీ పుచ్చుకీ తేడా తెలీదూ?" అని వీధి చివరికి వినపడేలా కేకలేశారు. "మేకు కొట్టిన రోజే నాకు తెలియాల్సింది," అంది అత్తగారు కళ్లొత్తుకుంటూ. డాక్టరు అన్నింటికీ "తప్పయిపోయిందండీ" అన్నాడు.

వంతెన కథకు ఇప్పుడు కొత్త ముగింపు వచ్చింది. చుట్టాలందరి ముందూ మామగారు దాన్ని అల్లుడి వైపు చెయ్యి చూపిస్తూ ముగిస్తారు. ఆ కథ ఊరంతా పాకింది. అతుకు కనపడకుండా ఇనుమునే పూడ్చినవాడు పంటినెలా పూడుస్తాడోనని జనం క్లినిక్ ముందు బారులు తీరారు. సిగ్గుతో డాక్టరు ఎవరి ముందూ తలెత్తలేకపోయాడు గాని, అతనిది తల వంచుకుని చేసే పనే కాబట్టి అదెవరూ గమనించలేదు.